నెత్తుటి మాన్యం నుండి కుటుంబ పింఛను దాకా: దక్షిణ రాయలసీమలో సైనిక కుటుంబాల ఆసరా – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
యుద్ధంలో మరణించినవారి కుటుంబాలను ఆదుకోవడం ఆధునిక ప్రభుత్వాలతో మొదలైన పద్ధతి కాదు. వీరగల్లుల కాలపు భూదానం, కంపెనీ పటాలాలలోని కుటుంబ భృతి, నేటి కుటుంబ పింఛను ఒకే బాధ్యతకు వేర్వేరు రూపాలు. రూపం మారిన ప్రతిసారీ ‘కుటుంబం అంటే ఎవరు?’ అన్న ప్రశ్నకు సమాధానం కూడా మారింది. వడమాలపేట పరిసరాలను కేంద్రంగా చేసుకొని ఈ మార్పును పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: వీరగల్లు, పటాలం, సైనిక సంక్షేమం, కుటుంబ పింఛను, వీరనారి, అసైన్డు భూమి.

1. ప్రవేశిక:
తిరుపతి నుండి పుత్తూరు మీదుగా చెన్నైకి వెళ్ళే దారిలో వడమాలపేట ఉంది. పూర్వం ఈ ప్రాంతం ఉత్తరార్కాటు జిల్లాలోని కార్వేటినగరం జమీందారీకి చెందినది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తిరుపతి జిల్లాలో భాగమైంది. పాలన కేంద్రం ఇన్నిసార్లు మారిన సరిహద్దు ప్రాంతంలో ప్రభుత్వ సాయం ఇంటి గడప దాకా ఎలా చేరింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది చరిత్రకారులు తప్పక పట్టించుకోవలసిన విషయం. సైనిక చరిత్రలు సాధారణంగా యుద్ధభూమి గురించి చెబుతాయి. యుద్ధభూమికి మనిషిని పంపిన ఇంటి గురించి చెప్పేవి తక్కువ.

2. వీరగల్లు – భూమి రూపంలో ఆసరా:
మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలలో బాణ, వైదుంబ, నొలంబ రాజుల కాలపు వీరగల్లులు లభించాయి. పోరులోనో, ఊరి పశువులను కాపాడుతూనో మరణించిన వీరుని రూపాన్ని రాతిపై చెక్కి నిలపడం ఆనాటి ఆచారం. అయితే ఆ ఆచారం రాతితో ముగిసేది కాదు. మరణించినవాని వారసులకు భూమి ఇచ్చే సంప్రదాయం కన్నడ, తమిళ శాసనాలలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ దానాన్ని కన్నడంలో ‘నెత్తరుగొడగి’ అనీ, తమిళంలో ‘ఉదిరపట్టి’ అనీ అన్నారు. రెండు పదాలకూ నెత్తురుకు బదులుగా ఇచ్చిన భూమి అన్నదే అర్థం. ఈ వ్యాసంలో ఆ దానాన్నే ‘నెత్తుటి మాన్యం’ అని వ్యవహరిస్తున్నాను. తెలుగు, తమిళ, కన్నడ భాషలు కలిసే ఈ సీమకు ఆ సంప్రదాయం దగ్గరిదే.

ఈ దానంలో రెండు లక్షణాలు గమనార్హం. ఒకటి, ఇచ్చేది ధనం కాదు, తరతరాలు అనుభవించే భూమి. రెండు, ఇచ్చిన సంగతి రాతిపై ఊరందరికీ తెలిసేటట్లు ఉండేది. హక్కుకు ఊరే సాక్షి. తరువాతి కాలంలో ఈ రెండో లక్షణమే మొదట మాయమైంది.

3. కంపెనీ పటాలం – కుటుంబం వెంట నడిచిన కాలం:
1801లో కర్ణాటక నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. వడమాలపేట ప్రాంతం కంపెనీ పాలనలోకి వచ్చింది ఆ మార్గంలోనే. మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు మాత్రం అంతకు ముందు ఏడాది నిజాము ఇచ్చిన దత్తమండలాలలోనివి. మద్రాసు సైన్యంలో తెలుగువారు గణనీయంగా చేరారు. ఉత్తర భారతంలో సిపాయికి ‘తిలంగా’ అన్న పేరు స్థిరపడడం దీనికి గుర్తు.

బెంగాల్ సైన్యంతో పోలిస్తే మద్రాసు సైన్యానికి ఒక ప్రత్యేకత ఉంది. సిపాయి భార్యాబిడ్డలు పటాలం లైన్లలోనే నివసించేవారు. పటాలం మకాం మారితే వారూ వెంట నడిచేవారు. సిపాయిలను సముద్రం దాటించి బర్మా వంటి చోట్లకు పంపినప్పుడు, జీతంలో కొంత భాగం ఇంటివారికి అందేటట్లు కుటుంబ పత్రాలు ఇచ్చేవారు. సిపాయిల కొడుకులను, ముఖ్యంగా తండ్రి చనిపోయిన బాలురను, తక్కువ భృతితో పటాలంలోనే చేర్చుకొనే ఏర్పాటు కూడా ఉండేది. ఇది కేవలం దయ కాదు. తరువాతి తరం సిపాయిలను సిద్ధం చేసుకొనే పద్ధతి కూడా. ఆనాటి కుటుంబానికి సైన్యం ఎదురుగా కనిపించేది. అడగవలసిన అధికారి అదే మైదానంలో ఉండేవాడు.

19వ శతాబ్ది చివర ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం బలపడింది. 1880ల తొలి సంవత్సరాలలో మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాది సిపాయిలను చిన్నచూపు చూశాడు. 1895లో రాజధానుల వారీ సైన్యాలు రద్దయ్యాయి. తెలుగువారి చేరిక బాగా తగ్గింది. దానితోపాటు ఈ ప్రాంతపు ఇళ్ళకు పటాలంతో ఉన్న నేరు సంబంధం కూడా తెగింది.

4. బోర్డుల కాలం – ఇల్లు ఊరిలో, సైనికుడు దూరంలో:
రెండు ప్రపంచయుద్ధాలు పరిస్థితిని మళ్ళీ మార్చాయి. రెండవ యుద్ధంలో మద్రాసు రాజధాని నుండి పెద్ద ఎత్తున సైనికులు చేరారు. కానీ ఈసారి కుటుంబం ఊరిలోనే ఉండిపోయింది. ఆ దూరాన్ని పూరించడానికి ఏర్పడినవే సైనిక బోర్డులు. నేటి కేంద్రీయ సైనిక్ బోర్డుకూ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకూ మూలం మొదటి యుద్ధకాలపు ఏర్పాట్లలో ఉంది. యుద్ధం ముగిసి పింఛను లేకుండా విడుదలైన రెండవ ప్రపంచయుద్ధ సైనికులకు, వారి వితంతువులకు తరువాత రాష్ట్ర ప్రభుత్వమే నెలసరి సాయం ఇవ్వవలసి వచ్చింది.

స్వాతంత్ర్యానంతరం 1949 నుండి డిసెంబరు 7ను సాయుధ దళాల పతాక దినంగా పాటిస్తున్నారు. ఆ రోజు సేకరించే విరాళం మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు చేరుతుంది. 2003లో మాజీ సైనికుల ఆరోగ్య పథకం, 2004లో కేంద్రంలో ప్రత్యేక సంక్షేమ విభాగం వచ్చాయి. 2014లో కలికిరిలో సైనిక్ స్కూలు మొదలైంది. 2015లో ‘ఒకే ర్యాంకు – ఒకే పింఛను’ ఉత్తర్వు వెలువడింది. ఏర్పాట్లు పెరిగాయన్నది నిర్వివాదం. అవి ఎవరిని కుటుంబంగా గుర్తించాయన్నది అసలు ప్రశ్న.

5. కుటుంబం అంటే ఎవరు?
కుటుంబ పింఛనులో మూడు మెట్లున్నాయి. సేవతో సంబంధం లేని మరణానికి సాధారణ పింఛను, చివరి వేతనంలో 30 శాతం. సేవాకారణ మరణానికి ప్రత్యేక పింఛను, 60 శాతం. యుద్ధంలోనో తత్సమాన చర్యలోనో మరణిస్తే ఉదార పింఛను, అంటే చివరి వేతనం మొత్తం. ఉదార పింఛను ఏర్పాటు 1971 యుద్ధం తరువాత రూపుదిద్దుకొన్నది. మరణం ఏ మెట్టు కిందికి వస్తుందన్న ఒక్క నిర్ణయం ఆ ఇంటి జీవితాంతపు ఆదాయాన్ని నిర్ణయిస్తుంది.

శౌర్య పతకాలకు ఇచ్చే నెలసరి భృతి నిబంధన మరింత లోతైన విషయాన్ని చెబుతుంది. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకొంటే భృతి ఆగిపోయేది. మరణించిన భర్త సోదరుణ్ణి చేసుకొంటే మాత్రం కొనసాగేది. 2017 నవంబరులో రక్షణ మంత్రిత్వశాఖ ఈ షరతును తొలగించింది. అంతవరకు ప్రభుత్వం ఆమెను ఒక వ్యక్తిగా కాక అత్తవారింటి ఆస్తిలో భాగంగా చూసిందనే చెప్పాలి. పొలం, పింఛను ఇల్లు దాటిపోకూడదన్న గ్రామీణ ఆలోచనకు ప్రభుత్వ ఉత్తర్వు రాజముద్ర వేసింది. ‘వీరనారి’ అన్న గౌరవవాచకం వాడుకలోకి వచ్చిన తరువాత కూడా ఆ షరతు నిలిచే ఉండడం గమనించాలి.

దీనికి మరో వైపు తల్లిదండ్రులున్నారు. పెళ్ళికి ముందు సైనికుని సమీప బంధువులు తల్లిదండ్రులు, పెళ్ళయ్యాక భార్య. కొడుకు సంపాదన మీదే బ్రతికిన ముసలి తల్లిదండ్రుల వాటా ఎంత అన్న ప్రశ్న 2024లో దేశవ్యాప్తంగా చర్చకు వచ్చింది. భార్య హక్కును తగ్గించకుండానే వారికి విడిగా ఆసరా చూపడం న్యాయమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

6. భూమి, పేరు – రెండు చిక్కులు:
నెత్తుటి మాన్యానికి ఆధునిక వారసత్వం మాజీ సైనికులకు ఇచ్చే అసైన్డు భూమి. 1977 చట్టం అసైన్డు భూముల బదలాయింపును నిషేధించింది. 1993లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు మాజీ సైనికులు 10 సంవత్సరాల తరువాత అమ్ముకోవడానికి వీలు కల్పించింది. అయినా ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషను ఆగుతుంది. నిరభ్యంతర పత్రం కోసం తాసీల్దారు కార్యాలయం నుండి కలెక్టరేటు దాకా తిరగవలసి వస్తుంది. రాతిపై ఊరందరికీ తెలిసిన హక్కు, ఫైలులో ఎవరికీ కనిపించని హక్కుగా మారిన తీరు ఇది.

రెండో చిక్కు పేరుది. ఇది తెలుగువారికి విశేషమైన సమస్య. మన ఇంటిపేరు ముందు వస్తుంది, తరచుగా ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది. పెళ్ళితో స్త్రీ ఇంటిపేరు మారుతుంది. బడి రికార్డులో ఒక రూపం, ఆధార్‌లో మరో రూపం, వెల్లింగ్టన్‌లోని మద్రాసు రెజిమెంటు రికార్డు కార్యాలయంలో ఇంకో రూపం ఉంటే ముగ్గురు వేర్వేరు మనుషులవుతారు. పెళ్ళి, బిడ్డల పుట్టుక సైనిక రికార్డులో ‘పార్ట్ టూ ఆర్డరు’ ద్వారా ఎక్కాలి. సైనికుడు బ్రతికి ఉండగా ఎక్కని పేరును అతని మరణం తరువాత ఎక్కించడం వితంతువు పాలిట రెండో యుద్ధం. ఆ ఉత్తరప్రత్యుత్తరాలు ఇంగ్లీషులో, హిందీలో సాగుతాయి. వివాదం ముదిరితే చెన్నైలోని సాయుధ దళాల ట్రిబ్యునలుకు వెళ్ళాలి. వడమాలపేట నుండి చెన్నైకి దారి దగ్గరే, భాషే దూరం.

7. సమకాలీన సందర్భం:
2020 నవంబరులో కశ్మీరులోని మచిల్ సెక్టారులో ఐరాల మండలానికి చెందిన హవల్దార్ ప్రవీణ్‌కుమార్ రెడ్డి, 2021 డిసెంబరు 8న కూనూరు హెలికాప్టరు ప్రమాదంలో కురబలకోట మండలానికి చెందిన లాన్స్‌నాయక్ సాయితేజ మరణించారు. ఇద్దరూ నాటి చిత్తూరు జిల్లావారే. ఆ రెండు కుటుంబాలకూ రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. 2025 మే నెలలో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన మురళీనాయక్ మరణించినప్పుడు 50 లక్షలతోపాటు 5 ఎకరాల భూమి, ఇంటి స్థలం, ఉద్యోగం ప్రకటించారు. ఆధునిక ప్రభుత్వం తిరిగి భూమి వైపే చూసిందన్నమాట. మురళీనాయక్ అగ్నివీరుడు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో బీమా, ఒకేసారి ఇచ్చే పరిహారం ఉన్నాయి గానీ కుటుంబ పింఛను లేదు. నెలనెలా వచ్చే ఆసరా స్థానంలో ఒక్కసారి ఇచ్చే మొత్తం రావడం ఈ చరిత్రలో పెద్ద మలుపు.

8. ముగింపు:
సాయం పరిమాణం కాలక్రమంలో పెరిగింది. అది అందే దారి మాత్రం పొడవైంది. వీరగల్లు కాలంలో ఊరు సాక్షి, పటాలం కాలంలో తోటి సిపాయిలు సాక్షులు, నేడు కాగితమే సాక్షి. కాబట్టి కొత్త పథకాలతోపాటు మూడు పనులు అవసరం: మండల స్థాయిలో తెలుగులో సమాచారం ఇచ్చే వ్యవస్థ, సైనికుడు సేవలో ఉండగానే పేర్ల సవరణ, సైనిక కుటుంబాల స్త్రీల అనుభవాలను మౌఖిక చరిత్రగా నమోదు చేయడం. మూడవది మన విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖల పరిధిలోనిది. దానికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడవలసిన పని లేదు.