యూనిట్ టెస్టింగ్: పాత ప్రాజెక్టుల్లో

ఇప్పటికే నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌కు యూనిట్ టెస్టులు చేర్చడం, కొత్తదానికి రాయడం కన్నా కష్టం. టెస్టులు లేని కోడే లెగసీ కోడ్ అని మైకేల్ ఫెదర్స్ 2004లో వెలువడిన ‘వర్కింగ్ ఎఫెక్టివ్‌లీ విత్ లెగసీ కోడ్’లో నిర్వచించారు. చిక్కంతా ఇక్కడే ఉంది: టెస్టు లేకుండా కోడ్‌ను కదిపితే ప్రమాదం, కదపనిదే చాలాచోట్ల టెస్టు రాయడం కుదరదు. ఎందుకంటే డేటాబేస్, గడియారం, నెట్‌వర్క్ వంటివి ఫంక్షన్ లోపలే ముడిపడి ఉంటాయి. వాటిని బయటి నుంచి అందించేలా మారిస్తే ఆ ముడి వీడుతుంది.

కోడ్ ఇప్పుడు ఏం చేస్తోందో దాన్నే ముందుగా టెస్టులో పట్టి ఉంచాలి. ఫెదర్స్ దీన్ని క్యారెక్టరైజేషన్ టెస్ట్ అన్నారు. ఉదాహరణకు, పైథాన్ 3లో 2.5ను రౌండ్ చేస్తే వచ్చేది 2; సరిగ్గా సగం దగ్గర అది సరి సంఖ్య వైపు మొగ్గుతుంది. బిల్లు లెక్కలో ఇది కనిపిస్తే, తప్పో ఒప్పో తేల్చకముందే ఆ 2ను టెస్టులో రాసుకోవాలి. ఆ అంకెను నమ్ముకున్న ప్రోగ్రామ్ మరొకటి ఉండవచ్చు.

జావాకు కెంట్ బెక్, ఎరిక్ గామా రూపొందించిన జేయూనిట్, పైథాన్‌కు పైటెస్ట్ ప్రసిద్ధ సాధనాలు. మొత్తం కోడ్‌కు ఒక్కసారిగా టెస్టులు రాయబూనడం వృథా ప్రయాస. ఈ వారం మార్చబోయే ఫైలుతో మొదలుపెట్టడమే మేలు.