గవర్నరే ఎదురుతిరిగిన పన్ను

కొత్త పన్ను వేస్తారనగానే పత్రికలు దుమ్మెత్తిపోయడం మామూలే. 1860 ఎండాకాలం మొదట్లో మద్రాసు పత్రికల్లో అచ్చయిన విమర్శ మాత్రం మామూలుది కాదు. రాసినవాడు సాక్షాత్తు మద్రాసు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యాన్. కౌన్సిల్ గదిలోనే ఉండాల్సిన అధికారిక నోటును ఆయన తన సొంత పూచీ మీద బయటపెట్టేశాడు. అందులోని సారాంశం ఒక్కటే: కొత్త పన్నులొద్దు, ముందు ఖర్చు తగ్గించండి, సైన్యం మీద పోస్తున్న డబ్బు ఆపండి. తిరుగుబాటు జరగని మద్రాసు ప్రెసిడెన్సీ మీద ఉత్తరాది మంటలు ఆర్పిన బిల్లు ఎందుకు రుద్దుతారని కూడా అడిగాడు.

1857 తిరుగుబాటును అణచడానికి దాదాపు 4 కోట్ల పౌండ్లు అయ్యాయి. దాన్ని లండన్ భరించలేదు, భారతదేశం పద్దులోనే అప్పుగా రాశారు. మన వేలితో మన కన్నే పొడిచి, ఆ కూలి కూడా మన దగ్గరే వసూలు చేశారన్నమాట. ఖజానా తలకిందులైంది. దాన్ని నిలబెట్టడానికి లండన్ నుంచి జేమ్స్ విల్సన్‌ను పంపారు. స్కాట్లాండ్‌లోని హాయిక్ ఊళ్లో పుట్టి, టోపీల వ్యాపారంతో జీవితం మొదలుపెట్టి, 1843లో ‘ది ఎకనామిస్ట్’ పత్రిక స్థాపించిన మనిషి. 1860 ఫిబ్రవరి 18న కలకత్తాలో ఆయన చేసిన బడ్జెట్ ప్రసంగంలో మూడు పన్నులున్నాయి: ఆదాయం మీద, వృత్తి లైసెన్సు మీద, పొగాకు మీద. ఆదాయపు పన్ను ఇంగ్లీషు వాళ్ల వింత కాదు, మీ శాస్త్రాల్లోదే అని చెప్పడానికి విల్సన్ మనుస్మృతిని ముందుకు తెచ్చాడు. పన్ను వేయాల్సి వచ్చినప్పుడు పాలకులకు సంప్రదాయం మీద ఎంత ప్రేమ పుట్టుకొస్తుందో!

రేట్లు చూస్తే ఇప్పటివాళ్లకు నవ్వొస్తుంది. ఏడాదికి 200 నుంచి 500 రూపాయల లోపు వచ్చేవాళ్లకు నూటికి రెండు, 500 దాటితే నూటికి నాలుగు. ఆ నాలుగులో ఒక వంతు రోడ్లకు, కాలవలకు అన్నారు. నెలకు 20 రూపాయలు మిగిలే బందరు బట్టల కొట్టు యజమాని ఏడాదికి కట్టాల్సింది 4 రూపాయల 12 అణాల పైచిలుకు. దానికే ఇంత గగ్గోలా?

జనాన్ని భయపెట్టింది రేటు కాదు. ఎవరికెంత ఆదాయమో తేల్చడానికి గుమ్మంలోకి వచ్చే మనిషి. ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఏడెనిమిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి అనే తెలుగు వర్తకుడు ఉండేవాడు. 1844లో ‘క్రెసెంట్’ పత్రిక నడిపాడు, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టాడు. ఆ సంఘం అదే ఏడు బ్రిటిష్ పార్లమెంటుకు మహజరు పంపింది. శిస్తు భారం మోయలేకున్నాం, మేం కట్టిన డబ్బులోంచి రోడ్లకు, చెరువులకు, బడులకు తిరిగి వస్తున్నది బహు స్వల్పం, శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారు అని అందులో రాశారు. సర్కారు ఖర్చు మీద దక్షిణాదిలో జనాభిప్రాయం కాగితం మీదకి ఎక్కిన తొలి సందర్భాల్లో ఇదొకటి. డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసు వస్తే, లక్ష్మీనరసు శెట్టి ఆయన్ను వెంటబెట్టుకుని పల్లెలు తిప్పాడు. లండన్‌లో రచ్చ అయింది. 1854లో విచారణ సంఘం వేశారు, మరుసటి ఏడు నివేదిక వచ్చింది.

ఆ నివేదిక చదవడానికి గుండె దిటవు కావాలి. శిస్తు బాకీపడ్డ రైతును నడుం వంచి, తలను కాళ్ల వైపుకు లాగి, తాడుతోనో అతని పైబట్టతోనో కట్టేసి ఎండలో నిలబెట్టేవారు. వీపు మీద రాయి పెట్టేవారు. కిట్టి అని ఇంకొకటి, రెండు కర్రల మధ్య వేళ్లు ఇరికించి నొక్కడం. ఇదంతా చేసింది దొరలు కాదు, దొరల పేరు చెప్పుకుని తాలూకా కచేరీల్లో జీతం తీసుకునే మనవాళ్లే. అలాంటి కచేరీ బంట్రోతు ఇప్పుడు ‘నీకు నెలకెంత మిగులుతుంది?’ అని అడగబోతున్నాడు. కట్టాల్సిన నాలుగు రూపాయల కంటే, తక్కువ రాయించుకోవడానికి చేతిలో పెట్టాల్సిన పది రూపాయల గురించే కొట్టు యజమాని దిగులు. ట్రెవెల్యాన్‌కు ఇది అర్థమైంది.

ఆయన ప్రజల మనిషేమీ కాదు. ఐర్లండ్ బంగాళాదుంప కరువులో లండన్ ఖజానా అధికారిగా సాయం డబ్బును పిసినారితనంతో బిగబట్టాడని అక్కడ ఇప్పటికీ తిట్టుకుంటారు. ఖర్చు తగ్గించడం ఆయనకు మతం. ఐర్లండ్‌లో అది అన్నార్తుల మీద పడింది, మద్రాసులో సైన్యం మీద పడింది. అందుకే ఇక్కడ దొరగారు మంచివాడయ్యాడు.

కలకత్తాకు సంకేత భాషలో కాకుండా అందరూ చదవగలిగేలా టెలిగ్రాం పంపాడు. మద్రాసు ప్రతినిధి చేత దాన్ని శాసన మండలిలో చదివించాలన్నాడు. కలకత్తా ఒప్పుకోలేదు. దాంతో నోటు పత్రికలకెక్కింది, లండన్ ఆయన్ను వెనక్కి పిలిచేసింది. పన్ను 1860 జులై 24 నుంచి అమల్లోకి వచ్చింది. ట్రెవెల్యాన్ స్థానంలోకి వచ్చిన సర్ హెన్రీ వార్డ్ ఆగస్టు 2న కలరాతో పోయాడు. తొమ్మిది రోజులకు కలకత్తాలో విల్సన్ కూడా జిగట విరేచనాలతో కన్నుమూశాడు.

అసలు తమాషా ఆ తర్వాత ఉంది. 1862లో భారత ప్రభుత్వ ఆర్థిక సభ్యుడిగా, అంటే విల్సన్ కుర్చీలోకే, ట్రెవెల్యాన్ తిరిగొచ్చాడు. 500 రూపాయల లోపు వాళ్లకు ఆ ఏడే పన్ను పోయింది. 1863లో నాలుగు శాతం మూడైంది. తగ్గింది ఏ ఒక్క శాతమో గమనించాలి: రోడ్లకు, కాలవలకు అన్నది! సైన్యం ఖర్చుకు సరిపడా మూడూ నిలిచే ఉన్నాయి. 1865లో గడువు తీరగానే మొత్తం పన్నునే వదిలేశారు. జనాభిప్రాయం గెలిచిందని పత్రికలు సంబరపడ్డాయి.

ఏ జనం అన్నదే నా అనుమానం. ఆదాయపు పన్ను మీద కేకలేసిన వాళ్లలో బెంగాల్ జమీందార్లున్నారు, ఇంగ్లీషు వ్యాపారులున్నారు, పన్ను తమకూ తగిలిందని ఉడికిపోయిన తెల్ల ఉద్యోగులున్నారు. అందరికీ పత్రికలున్నాయి. నౌపడా, చినగంజాం ఉప్పు కొటార్ల నుంచి ఎడ్లబండి మీద ఉప్పు కొనుక్కెళ్లే వాడికి లేవు. మద్రాసులో ఉప్పు 1805 నుంచే సర్కారు గుత్తాధిపత్యం. 1859 నుంచి మణుగుకు, అంటే సుమారు 37 కిలోలకు, వేసే పన్ను మెట్టు మెట్టుగా పెరిగి 1869 నాటికి రూపాయి 13 అణాలకు చేరింది. దీనికి వ్యతిరేకంగా ఏ గవర్నరూ టెలిగ్రాం పంపలేదు. లక్ష్మీనరసు శెట్టి అప్పటికే, ఆస్తంతా ప్రజల పనులకు ఖర్చయిపోయి, 1868లో పోయాడు.

తర్వాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. 1877లో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో మనుషులు రోడ్ల పక్కన రాలిపోతుంటే, కరువు ఖర్చు మీద కన్నేసి ఉంచడానికి కలకత్తా నుంచి సర్ రిచర్డ్ టెంపుల్ దిగాడు. ఒకప్పుడు విల్సన్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడే. కూలి మనిషికి రోజుకు పౌను ధాన్యం, దానిమీద చిల్లర చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని లెక్కలతో పోట్లాడాడు, పత్రికలు పట్టుకున్నాయి, కొన్ని నెలలకు కూలి పెంచారు. ఈ దేశంలో సర్కారు ఖర్చు పెంచమని పత్రికలు గెలిచిన అరుదైన తగాదా ఇది.

ఆ మరుసటి ఏడు, 1878లో, మద్రాసు ఉప్పు పన్ను 2 రూపాయల 8 అణాలైంది. భవిష్యత్తు కరువుల నిధి పేరుతో వర్తకుల మీద లైసెన్సు పన్ను వేశారు. ఉద్యోగులను, వకీళ్లను వదిలేశారు. సూరత్‌లో గొడవలయ్యాయి. నిధి సొమ్ము అఫ్గాన్ యుద్ధంలోకి మళ్లిందని తెలిసి దేశమంతా మండిపడింది. 1878 సెప్టెంబరులోనే మద్రాసులో ‘ది హిందూ’ పత్రిక పుట్టింది. ఆదాయపు పన్ను మాత్రం 1886లో, వ్యవసాయాన్ని మినహాయించి, శాశ్వతంగా తిరిగొచ్చింది. ఉప్పు మీద 1882లో రెండు రూపాయలకు దిగివచ్చిన సర్కారు, బర్మా ఖర్చు నెత్తినపడి రూపాయి విలువ పడిపోతుంటే, 1888లో మళ్లీ రెండున్నర చేసింది.