ఇసుక మీది పొర

అక్వేరియం కొత్తగా పెట్టుకున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: తక్కువ ధరలో మంచి క్యానిస్టర్ ఫిల్టర్ ఏది? జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి, రాజమండ్రిలో ఇంట్లోనే చేపలు పెంచుకుంటున్నవాణ్ణి కాబట్టి అడుగుతారు. నేను జవాబును గోదావరి కాలువల దగ్గర్నుంచి ఎత్తుకుంటాను. నీళ్లు బాగుచేసుకోవడం మా డెల్టా జనం తరతరాలుగా నేర్చుకుంటూ వచ్చిన విద్య. అది తెలిస్తే ఫిల్టర్ డబ్బా కొనడం తేలిక.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్ దొర పేరెత్తగానే అందరికీ వరిచేలు గుర్తొస్తాయి గానీ, ఆ కాలువలు తాగునీళ్లు కూడా తెచ్చాయి. నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది వైపు చాలా ఊళ్లలో బావి తవ్వితే ఉప్పునీళ్లే పడతాయి. కాలువే దిక్కు. వరద రోజుల్లో ఆ కాలువలో వచ్చేవి ఎర్రటి, చిక్కటి నీళ్లు. రాత్రి బిందెలో పట్టి ఉంచితే తెల్లారేసరికి అడుగున ఒండ్రు పేరుకునేది, అయినా పైనీళ్లు తేటపడేవి కావు.

దానికి మా అమ్మమ్మ దగ్గర చిల్లగింజ ఉండేది. సానమీద నాలుగు చుక్కల నీళ్లేసి అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపేది. ఈ గింజ మనుస్మృతిలోనూ కనబడుతుంది, వేదాంత గ్రంథం ఆత్మబోధలో ఉపమానంగానూ కనబడుతుంది. వినేవాళ్లందరికీ తెలిసిన వస్తువైతేనే గదా ఉపమానానికి పనికొచ్చేది! గింజలోని మాంసకృత్తులు, జిగురు పదార్థాలు సన్నటి మట్టిరేణువుల్ని ఒకదానికొకటి అతికిస్తాయి. అవి బరువెక్కి కిందికి దిగుతాయి. నీళ్లు తేటపడతాయి. కానీ కలరా క్రిమి తేటనీళ్లలో కూడా బతుకుతుంది. అందుకే అమ్మమ్మ ఆ తేరిన నీళ్లనే మళ్లీ కాచి, చల్లార్చి మాకు పోసేది.

ఊరుమ్మడి ఏర్పాటు మంచినీళ్ల చెరువు. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, ఆలోపే తూము ఎత్తి చెరువు నింపుకోవాలి. అందులో బట్టలు ఉతకకూడదు, గొడ్లను దింపకూడదు, గేదెలకు వేరే చెరువు. వారాల తరబడి నిలిచిన నీళ్లలో ఒండ్రు దానంతటదే దిగిపోయేది. మంచి కట్టుబాట్లే. అయితే అదే గట్టుమీద కులం కూడా కాపలా కాసింది. దళితులకు చాలా ఊళ్లలో వేరే రేవు, కొన్నిచోట్ల అదీ లేదు. ఎవరైనా వచ్చి కడవలో పోసేదాకా నిలబడాలి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల ప్రాణాలు తీసిన దాడికి ముందు గొడవ రేగింది మంచినీళ్ల చెరువు దగ్గరే. ఆ ఊరు మా జిల్లాల్లోది కాదు. అయినా చెరువుల గురించి రాసేవాళ్లెవరూ దాన్ని దాటి పోకూడదని నా పట్టుదల.

ఇక ఆ చెరువునీళ్లను వడగట్టే ఫిల్టర్ బెడ్. మా నాన్నగారు పంచాయతీ ఫిల్టర్ బెడ్ చూసుకునేవారు. పక్కపక్కనే రెండు సిమెంటు తొట్లు. ఒక్కోదాంట్లో అడుగున గులకరాళ్లు, వాటిమీద మీటరు మందాన సన్న ఇసుక, ఆపైన చెరువునీళ్లు. ఇసుకలోంచి నీళ్లు గంటకు 10 నుంచి 20 సెంటీమీటర్లు దిగుతాయి, జానెడు కూడా కాదు. ఆ నిదానంలోనే ఉంది పనంతా. కొన్నాళ్లకు ఇసుక మీద జిగటగా ఒక పొర కడుతుంది. నాచు, బాక్టీరియా, వాటిని తినే ఏకకణజీవులు కలిసి కాపురముండే పొర అది. నీళ్లతో వచ్చిన రోగక్రిములు చాలావరకు అక్కడే వీటికి ఆహారమైపోతాయి. పొర మరీ మందమై నీళ్లు దిగడం మానేస్తే, తొట్టి ఎండగట్టి పైనుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీకి తీసేవారు. మళ్లీ నింపాక మొదటి కొన్ని రోజుల నీళ్లు ఊరి ట్యాంకుకు ఎక్కించకుండా బయటికి వదిలేసేవారు. నీళ్లు పారబోస్తున్నావేమిటని ఊళ్లోవాళ్లు పోట్లాటకొచ్చినా నాన్నగారు వినేవారు కాదు. "ఇంకా పొర కట్టలేదండీ, పక్క తొట్టి నీళ్లతో సర్దుకోండి" అనేవారు.

ఈ పద్ధతి లండన్‌లో 1829లో జేమ్స్ సింప్సన్ చెల్సీ నీటి కంపెనీకి కట్టిన ఇసుక తొట్లతో పేరుకెక్కింది. దాని విలువ లోకానికి రుజువైంది 1892లో. ఎల్బే నది ఒడ్డున అప్పట్లో ఆనుకుని ఉన్న రెండు జర్మన్ ఊళ్లలో హాంబర్గ్ నదినీళ్లను వడగట్టకుండా తాగింది, ఆల్టోనా ఇసుకలో వడగట్టి తాగింది. ఆ ఏడాది కలరాకు హాంబర్గ్‌లో ఎనిమిది వేలమందికి పైగా పోయారు. ఆల్టోనాకు పెద్దగా దెబ్బ తగల్లేదు. అంతకు కాస్త ముందే, 1890-91లో, చేపల తొట్టికి ప్రాణమైన సంగతి ఒకటి తేలింది: వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాను విడదీసి చూపించాడు.

క్యానిస్టర్ ఫిల్టర్ ఈ వంశంలోదే. 1960లలో జర్మనీకి చెందిన ఏహైమ్ కంపెనీ దీన్ని ఇళ్లలోకి తెచ్చింది. చేపల తొట్టి బయట మూత బిగించిన డబ్బా, లోపలికో పైపు, బయటికో పైపు, నీళ్లు తిప్పే చిన్న మోటారు. చేపలు మొప్పలగుండా అమ్మోనియా వదులుతాయి, అది వాటికే విషం. దాన్ని మార్చే బాక్టీరియా డబ్బాలోని స్పాంజీ మీద, పింగాణీ రింగుల మీద పొర కట్టి బతకాలి. కాబట్టి అట్టపెట్టె మీద లీటర్ల అంకె చూసి మురిసిపోకండి, లోపలి బుట్టలు ఎంత పెద్దవో చూడండి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో సుమారు 127 లీటర్లు పడతాయి. గంటకు నాలుగైదుసార్లు నీళ్లు తిరిగితే చాలు, అంటే 500 నుంచి 650 లీటర్లు. పెట్టె మీది లెక్క ఖాళీ డబ్బాది, రింగులు నింపాక తగ్గుతుంది. అందుకని గంటకు 1000 లీటర్ల రకం తీసుకోమంటాను. మూత రబ్బరు రింగు, మోటారు రెక్క విడిగా దొరుకుతాయా అని కొట్లో అడిగాకే డబ్బులివ్వండి. అవి దొరక్కపోతే చవక డబ్బా కాస్తా ఖరీదైనదవుతుంది. డబ్బు మిగలాలంటే రింగుల బదులు గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు, కొత్తది, సబ్బు అంటనిది నింపినా బాక్టీరియాకు ఇల్లు దొరికినట్టే. రెండడుగుల చిన్న తొట్టికైతే క్యానిస్టరే అక్కర్లేదు, గాలిపంపుకు తగిలించిన స్పాంజీ ఫిల్టర్ సరిపోతుంది.

మా వైపు కరెంటు సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మోటారు ఆగితే మూసిన డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చావడం మొదలవుతుంది. గంటల తరబడి కరెంటు పోతే, వచ్చాక వెంటనే స్విచ్ వేయకుండా డబ్బాలో మురిగిన నీళ్లు పారబోసి మరీ నడపాలి. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

కొత్త డబ్బాలో పొర కట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ చేపలు కొద్దిగానే వేయండి, మేత తగ్గించండి. తెలిసినవాళ్ల పాత ఫిల్టర్‌లోంచి స్పాంజీ ముక్క తెచ్చి వేస్తే పని త్వరగా అవుతుంది. స్పాంజీ కుళాయి కింద పెట్టి కడగొద్దు, కుళాయినీళ్లలోని క్లోరిన్ ఆ పొరను చంపేస్తుంది. తొట్టిలోంచే ఒక బకెట్టు నీళ్లు తోడి, అందులో రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి.