రాకెట్ ఇంజనీరు గీసిన ఇంటిబండి

1945 మార్చి 1. దక్షిణ జర్మనీలోని హోయ్‌బెర్గ్ సైనిక శిబిరం. నిలువుగా పాతిన స్తంభానికి ఆనించి ఒక బుల్లి విమానాన్ని నిలబెట్టారు. ముక్కు ఆకాశం వైపు, తోక నేల వైపు. ఒళ్లంతా చాలామటుకు చెక్క. తోకలో రాకెట్ ఇంజను. లోపల 22 ఏళ్ల పైలట్ లోథార్ జీబర్. నిప్పు అంటుకోగానే విమానం నిటారుగా లేచింది. కాసేపటికే కాక్‌పిట్ మూత ఊడిపోయింది. విమానం మేఘాల్లోకి దూరి, నిమిషం తిరక్కముందే నేలకూలింది. జీబర్ బతకలేదు.

ఆ విమానం పేరు నాటర్. జర్మన్ నగరాల మీదికి దండుగా వస్తున్న శత్రు బాంబర్లను ఆపడానికి, అల్యూమినియం దొరకని రోజుల్లో, వడ్రంగులు సైతం బిగించగలిగేలా చవగ్గా తయారైన ఆయుధం. దాని రూపకర్త ఎరిష్ బాఖెమ్. కర్మాగారం వాల్డ్‌జే అనే చిన్న ఊళ్లో ఉండేది.

పన్నెండేళ్ల తర్వాత అదే మనిషి అదే ఊళ్లో ఇంకో బండికి ప్రాణం పోశాడు. ఈసారి ఆయన గీసింది కారు వెనక తగిలించుకుని సెలవులకు లాక్కుపోయే ఇల్లు. ఐరోపాలో పేరుమోసిన కారవాన్, మోటర్‌హోమ్ కంపెనీల్లో ఒకటైన హైమర్ ఆ ఇంటితోనే ఈ వ్యాపారంలోకి వచ్చింది.

మన దగ్గర కారవాన్ అంటే షూటింగులో హీరో సేదతీరే ఏసీ బండి. దాన్ని చూస్తే డబ్బూ హోదా గుర్తొస్తాయి. జర్మనీలో అది పుట్టిన తీరు వేరు. హోటల్ గది అద్దె భరించలేని మధ్యతరగతి కుటుంబం, భార్యాపిల్లలతో పది రోజులు ఇటలీ సముద్రతీరానికి వెళ్లొచ్చే ఉపాయం అది. లాగే కారు చిన్నది, తిరిగే రోడ్డు కొండల్లోది, పెట్టే ఖర్చు లెక్క చూసుకుని పెట్టాల్సింది. కాబట్టి కారవాన్ తయారుచేసే వాడికి అసలు శత్రువు బరువు. హైమర్ కథంతా ఆ బరువుతో సాగిన పోరాటమే.

అయితే జర్మనీలో మొదటి కారవాన్ వాళ్లది కాదు. వాల్డ్‌జే ఉన్న జిల్లాలోనే ఇస్నీ అనే మరో ఊరుంది. అక్కడ డెత్‌లెఫ్స్ కుటుంబం గుర్రాలకు కొరడాలు, మంచు మీద జారేవాళ్లకు చేతికర్రలు తయారుచేసేది. ఆ ఇంటబ్బాయి ఆరిస్ట్ డెత్‌లెఫ్స్ సరుకు అమ్మకానికి ఊళ్లు తిరుగుతుండేవాడు. ఆయన పెళ్లాడబోయే ఫ్రీడెల్ ఎడెల్‌మన్ చిత్రకారిణి. ఇద్దరూ కలిసి తిరగాలి, ఆమె ఆగినచోటల్లా బొమ్మలు వేసుకోవాలి. ఆ కోరిక తీర్చడానికి ఆరిస్ట్ 1931లో చక్రాల మీద చిన్న గది కట్టాడు. దానికి ‘ఇంటికారు’ అనే అర్థమొచ్చే పేరు పెట్టాడు. దారిలో చూసినవాళ్లు మాకూ ఒకటి కావాలన్నారు. కొరడాల దుకాణం కారవాన్ల కంపెనీ అయింది. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. విహారాలు ఆగిపోయాయి.

యుద్ధంలో ఓడిన జర్మనీని విమానాలు తయారుచేయవద్దని మిత్రరాజ్యాలు కట్టడి చేశాయి. 1955 దాకా ఆ నిషేధం నడిచింది. యుద్ధం దాకా రెక్కలు, ఇంజన్లు తప్ప వేరే పని తెలియని కంపెనీలు బతకడానికి దొరికిన పనల్లా పట్టుకున్నాయి. యుద్ధ విమానాల మెసర్‌ష్మిట్ 1953లో మూడు చక్రాల బుల్లి కారును అమ్మకానికి పెట్టింది. దాని గాజు మూత అచ్చం కాక్‌పిట్‌లా పక్కకు తెరుచుకునేది. మరో విమాన కంపెనీ హైంకెల్ 1956లో గుడ్డు ఆకారపు కారుతో దిగింది. డోర్నియర్ వాళ్ల నమూనా నుంచి జుండాప్ అనే మోటర్‌సైకిళ్ల కంపెనీ, వెనక సీటువాళ్లు వెనక్కి చూస్తూ కూర్చునే యానుస్ అనే కారు చేసింది. గ్రాములు లెక్కపెట్టి సన్నటి రేకుతో, గొట్టాలతో గట్టి వస్తువు కట్టే విద్య అలా ఆకాశం నుంచి రోడ్డు మీదికి దిగింది.

బాఖెమ్ కూడా అదే దారిలో నడిచాడు. యుద్ధం ముగిశాక దేశం విడిచి అర్జెంటీనా వెళ్లాడు. 1950లలో తిరిగొచ్చి, గనుల్లో తిరిగే రైలింజన్లు తయారుచేసే కంపెనీలో సాంకేతిక డైరెక్టరుగా కుదిరాడు. అయినా గ్లైడర్ల మనిషి గ్లైడర్ల మనిషే. ఇంజను లేకుండా గాలి మీద తేలే విమానాల గురించి యువకుడిగా ఉన్నప్పుడే పుస్తకం రాసిన ఆయనకు, తేలికగా కట్టడమనేది వృత్తి కంటే అలవాటు.

ఇక రెండో మనిషి. వాల్డ్‌జేలో ఆల్ఫోన్స్ హైమర్ అనే ఆయన 1923 నుంచి వర్క్‌షాపు నడుపుతున్నాడు. రైతుల బండ్లు బాగుచేయడం, ట్రైలర్లు కట్టడం అక్కడి పని. కొడుకు ఎర్విన్ 1930లో పుట్టాడు. ఇంజనీరింగు చదివి డోర్నియర్ విమాన కంపెనీలో పనిచేశాడు. తర్వాత ఇంటికొచ్చి తండ్రి వర్క్‌షాపులో చేరాడు. బాఖెమ్‌కు తన డ్రాయింగును వస్తువుగా మార్చే మనిషి కావాలి. ఎర్విన్‌కు రైతుబండ్లను మించిన పని కావాలి. 1957లో ఇద్దరూ కలిశారు.

అప్పటి పశ్చిమ జర్మనీ రోడ్ల మీద ఎక్కడ చూసినా ఫోక్స్‌వాగన్ బీటిల్ కార్లే. దాని ఇంజను బలం 30 హార్స్‌పవర్. అంటే ఈరోజు మన రోడ్ల మీద తిరిగే కొన్ని బుల్లెట్ల కంటే ఏమంత ఎక్కువ కాదు. నలుగురు మనుషులు, వాళ్ల పెట్టెలు, వెనక ఒక ఇల్లు. అన్నిటినీ ఆ ఇంజను ఆల్ప్స్ కొండల మీదుగా ఇటలీకి ఈడ్వాలి. ఆనాటి కారవాన్లు చాలావాటికి చెక్క చట్రం ఉండేది. చెక్క బరువు, పైగా తడి తగిలితే పుచ్చుతుంది.

వాళ్లిద్దరూ చెక్కను పక్కనపెట్టారు. సన్నటి ఉక్కు గొట్టాలు వంచి, వెల్డింగ్ చేసి విమానం ఒంటి లాంటి పంజరం కట్టారు. దానికి అల్యూమినియం రేకు తొడిగారు. బలమంతా పంజరంలో ఉంది కాబట్టి పైతొడుగు పల్చగా ఉన్నా చాలు. మూలలన్నీ గుండ్రంగా చేశారు. ఇక ఎత్తు. మనిషి లోపల నిలబడాలంటే కప్పు ఎత్తుగా ఉండాలి. కప్పు ఎత్తుగా ఉంటే గాలి అడ్డుపడి కారు ఆయాసపడుతుంది. దీనికి వాళ్ల జవాబు పైకి లేచే కప్పు. రోడ్డు మీద బండి కారు వెనక ఒదిగి వస్తుంది, మకాం దగ్గర కప్పును పైకి నెడితే కాన్వాస్ గోడ విచ్చుకుని తలకు చోటిస్తుంది. మామూలు గ్యారేజీలో పెట్టుకోగలగడం అదనపు లాభం.

మొదటి నమూనాకు ట్రోల్ అని పేరు. 1958 నుంచి వరసగా తయారీ మొదలైంది. ఎరిష్ బాఖెమ్ పేరులోని మొదటి అక్షరాలు తీసుకుని బ్రాండుకు ఎరిబా అని పెట్టారు. పక్, ఫామీలియా, ట్రైటన్, పాన్, ఫాన్ అంటూ తమ్ముళ్లు వచ్చారు. ఎక్కువ పేర్లు అడవి దేవతలవి, అల్లరి భూతాలవి. అందరిలోకీ చిన్నది పక్. షేక్‌స్పియర్ నాటకంలోని కొంటె దయ్యం పేరు దానిది. ఇద్దరు పడుకునేంత మంచం, చిన్న పొయ్యి, బట్టలకు అర. అంతే సంసారం.

నాటర్‌నూ ట్రోల్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే బాఖెమ్ ఇంజనీరింగు బుద్ధి మారలేదని తెలుస్తుంది. తక్కువ సామాను, తేలిక కట్టడం, మామూలు పనివాడు చేయగలిగే పద్ధతి. మారింది ప్రయోజనం. మొదటిది ఒక్క దాడికి పనికొస్తే చాలనుకుని కట్టింది. రెండోది, ఆకారం పెద్దగా మారకుండా, అరవై ఏళ్లకు పైగా అమ్ముడైంది. ఆ విజయాన్ని చూసే అదృష్టం ఆయనకు లేదు. 1960లో, 53 ఏళ్లకే చనిపోయాడు.

ఇక ఎర్విన్ ఒంటరిగా ముందుకు నడిచాడు. ఆయన తర్వాతి ఆలోచన: ఇల్లు కారు వెనకే ఎందుకు రావాలి, బండే ఇల్లయితే? 1961లో బోర్గ్‌వార్డ్ కంపెనీ వ్యాన్ మీద కారవానో అనే మోటర్‌హోమ్ కట్టాడు. వేళ బాగాలేదు. బ్రెమెన్‌లోని ఆ బోర్గ్‌వార్డ్ అదే ఏడాది దివాలా తీసింది. ఛాసిస్ ఇచ్చేవాడే లేకపోతే పైన ఇల్లెక్కడ కడతారు? కొన్ని బండ్లతోనే కారవానో కథ ముగిసింది. పరాయి కంపెనీ చక్రాల మీద ఇల్లు కట్టేవాళ్లకు ఈ బెడద ఎప్పుడూ ఉంటుంది. ఇంజను వాళ్లది, బ్రేకులు వాళ్లవి, ఆ మోడల్ ఎన్నాళ్లు ఉండాలో నిర్ణయించేదీ వాళ్లే.

పదేళ్లు ఆగి, 1971లో మళ్లీ వచ్చాడు. ఈసారి మెర్సిడెస్ చక్రాల మీద. పేరు హైమర్‌మొబిల్. అప్పటికి జీతాలు పెరిగాయి, సెలవులు పెరిగాయి. కంపెనీ కారవాన్ల నుంచి మోటర్‌హోమ్‌ల వైపు మళ్లింది. రెండేళ్లు తిరక్కముందే చమురు సంక్షోభం వచ్చిపడింది. 1973 నవంబరు, డిసెంబరుల్లో నాలుగు ఆదివారాలు పశ్చిమ జర్మనీ ప్రభుత్వం కార్లు బయటికి తీయొద్దంది. ఖాళీ హైవేల మీద జనం నడిచారు, సైకిళ్లు తొక్కారు. ఇంధనం మీదే బతికే విహారబండ్ల వ్యాపారానికి అంతకంటే గట్టి పరీక్ష ఉండదు. హైమర్ దాన్ని దాటింది.

1970ల చివర్లో కంపెనీ గోడల పద్ధతినే మార్చింది. రెండు పల్చటి పొరల మధ్య పాలియురిథేన్ నురుగు నింపి, బయట అల్యూమినియం ఉంచిన పలకలు. మన ఇళ్లలోని హాట్‌ప్యాక్ డబ్బా పనిచేసినట్టే అవి చలిని బయటా వేడిని లోపలా ఆపుతాయి. బరువు తగ్గింది, చలికాలంలోనూ బండి వాడుకునే వీలొచ్చింది. వేసవి ఆటవస్తువు ఏడాది పొడవునా ఉండదగ్గ ఇల్లయింది. డ్రైవరు సీటు పైన కప్పుకు అంటుకుని ఉండి, రాత్రి కిందికి దిగే మంచం హైమర్ బండ్లకు గుర్తుగా మారింది. పగలు నడిపే చోటే రాత్రి పడకగది. చదరపు అడుగుల లెక్క తెలిసిన ఇల్లాలు గీసిందా అన్నంత పొదుపు.

డబ్బు వచ్చాక హైమర్ పొరుగువాళ్లను కలుపుకోసాగింది. 1983లో, కారవాన్‌కు జర్మనీలో పునాది వేసిన డెత్‌లెఫ్స్‌నే కొన్నది. 1990లో షేర్ మార్కెట్‌లోకి వెళ్లింది. బ్యుర్స్ట్‌నర్, నీస్‌మన్ ప్లస్ బిషోఫ్, ఇటలీ లైకా ఒక్కొక్కటే వచ్చి చేరాయి. 2011లో వాల్డ్‌జేలో ఎర్విన్ హైమర్ మ్యూజియం తెరుచుకుంది. దేశదేశాల పాత కారవాన్లను, వాటిని లాగిన పాత కార్లతో సహా అక్కడ చూడొచ్చు. 2013లో ఎర్విన్ చనిపోయాడు.

2018లో ఆయన కుటుంబం కంపెనీని అమెరికాకు చెందిన థోర్ ఇండస్ట్రీస్‌కు అమ్మడానికి ఒప్పుకుంది. ఒప్పందం విలువ సుమారు 210 కోట్ల యూరోలు. 2019 ఫిబ్రవరిలో చేతులు మారింది. అయితే ఉత్తర అమెరికా శాఖ లెక్కల్లో అవకతవకలు బయటపడడంతో ఆ భాగాన్ని థోర్ వద్దనుకుంది, అమ్మకం ధర కూడా తగ్గింది.

ఈ థోర్ కంపెనీయే 1980లో ఎయిర్‌స్ట్రీమ్‌ను కొనుక్కుని పుట్టింది. వెండిలా మెరిసే ఆ అమెరికన్ ట్రైలర్‌కు మూలం 1934 నాటి రోడ్ చీఫ్. దాన్ని చేసిన హాలీ బౌలస్ గ్లైడర్లు కట్టే మనిషి. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానం నిర్మాణాన్ని దగ్గరుండి చూసుకున్నదీ ఆయనే. అంటే అట్లాంటిక్‌కు చెరో ఒడ్డున ఇద్దరు గ్లైడర్ల మనుషులు, ఒకే చిక్కుకు ఒకే తరహా జవాబు కనుక్కున్నారు. ఫర్నిచరు తెలిసినవాళ్లు ఇంటిని చక్రాలెక్కించబోయి బరువు దగ్గర తడబడ్డారు. విమానాలు తెలిసినవాళ్లు ముందు బరువు తీసేసి, మిగిలిన దాంట్లో ఇంటిని సర్దారు. ఆ రెండు వంశాలూ ఇప్పుడు ఒకే యజమాని ఖాతాలో ఉన్నాయి.