సుప్రీంకోర్టులో సహగమన ప్రస్తావన

మోర్మనులనగానే బహుభార్యాత్వము స్ఫురించుట పరిపాటి. ఆ ఆచారమును వారి ప్రధాన సమాజము ఏనాడో విడిచినది. నేడు పాటించినవారిని బహిష్కరించును కూడ. అపోహ మాత్రము నిలిచియున్నది.

1830లో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సమాజము బైబిలుతోపాటు మోర్మను గ్రంథమును కూడ పవిత్రముగా నెంచును. ఇరుగుపొరుగువారు సహింపలేదు. 1838 అక్టోబరు 27న మిస్సోరీ గవర్నరు బాగ్స్, మోర్మనులను నిర్మూలింపవలెను, లేదా రాష్ట్రమునుండి వెడలగొట్టవలెనని ఆజ్ఞ జారీచేసెను. మూడునాళ్లకే హాన్స్ మిల్లువద్ద 17 మంది హతులైరి. ఆ ఆజ్ఞ రద్దయినది ఎప్పుడనుకొన్నారు? 1976లో! స్మిత్ 1844లో కార్తేజి చెరసాలలో మూకచేత మరణించెను. అనుచరులు 1847లో యూటా చేరిరి.

అచ్చటను చట్టము వెంటాడినది. రెండవ వివాహము తన మతధర్మమని జార్జి రేనాల్డ్స్ చేసిన వాదమును 1879లో అమెరికా సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. ప్రధాన న్యాయమూర్తి వెయిట్ చూపిన ఉదాహరణము మనవారి చెవికి క్రొత్తది కాదు: సహగమనము తన ధర్మమని ఒక స్త్రీ నమ్మినచో ప్రభుత్వము వారింపరాదా? విశ్వాసము జోలికి శాసనము పోరాదు, ఆచరణకు మాత్రము హద్దు కలదని తీర్పు. సూత్రము సబబే. కాని చితినెక్కుటను, పెండ్లాడుటను ఒకే త్రాసున తూచుట నాకు సమంజసముగా తోచదు.

1887లో కాంగ్రెసు సమాజపు ఆస్తులనే స్వాధీనపరచుకొనుటకు చట్టము చేసెను. 1890లో అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ బహువివాహములు మానుడని ప్రకటించెను. ఆరేండ్లకు యూటాకు రాష్ట్రహోదా లభించినది.