బ్రేకుల్లేని ఓడని ఆపడం ఎలా? 1798 నైలు యుద్ధం కథ

నైలు యుద్ధం అనగానే నెల్సన్, ఫిరంగులు, రాత్రిపూట పేలిపోయిన ఓడ, ఇవే గుర్తొస్తాయి. నేనూ మొదట్లో అలాగే చదివాను. తర్వాత చనిపోయినవాళ్ల లెక్క ఓడలవారీగా చూశాక అక్కడే ఆగిపోయాను. ఇంగ్లీషువాళ్ల వైపు పోయింది 218 మంది. అందులో 99 మంది రెండే రెండు ఓడల్లోవాళ్లు. ఆ రెండు ఓడలూ ఆగాల్సిన చోట ఆగలేకపోయాయి!

ఇది అర్థం కావాలంటే ముందు చిన్న పడవ దగ్గర మొదలుపెడదాం. తెరచాప పడవకి బ్రేకుండదు. ఒడ్డుకి దూరంగా, అడుగున బరువుకి గొలుసుతో కట్టిన బోయా ఒకటి తేలుతుంటుంది. దాన్ని అందుకుని పడవని కట్టేయాలి. గాలి వెనకనుంచి తోస్తుండగా నేరుగా వెళ్లారా, దాటిపోతారు. అందుకే తెలిసినవాళ్లు ముందు పక్కన కట్టేసి ఉన్న పడవలు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తారు. గాలి, నీటి పోటు కలిసి ఎటు లాగుతున్నాయో అవే చెప్పేస్తాయి. గాలి మాత్రమే ఉంటే, చివర్లో పడవని గాలికి ఎదురు తిప్పి తెరచాప వదిలేస్తారు. గుడ్డ రెపరెపలాడుతుంది, వేగం తగ్గిపోతుంది, బోయా ముక్కు దగ్గరకొచ్చేసరికి పడవ నిలబడాలి. కుదరకపోతే ఇంకో చుట్టు తిరిగి రావడమే.

మరి ఎదురుగా శత్రువు ఫిరంగులుంటే?

1798 ఆగస్టు 1, సాయంత్రం. ఈజిప్టులో అబూకిర్ తీరం. నెపోలియన్ సైన్యాన్ని తెచ్చిన నౌకాదళంలోని 13 పెద్ద యుద్ధనౌకలు వరసగా లంగరేసి ఉన్నాయి. గాలి ఆ వరస మొదటినుంచి చివరికి వీస్తోంది. నెల్సన్ ఓడలు వరస మొదటి వైపు నుంచి, గాలి వెనకనుంచి తోస్తుండగా వస్తున్నాయి. ఆగడానికి ఇంతకంటే చెడ్డ దారి లేదు. మామూలుగా ముందు వైపు నుంచి లంగరేస్తే ఓడ గిర్రున గాలికి ఎదురు తిరుగుతుంది. తిరిగినంతసేపూ దెబ్బలు తినడమే, తిరిగి కొట్టడం కష్టం.

వాళ్లు చేసిందేంటంటే, లంగరు మోకుని ఓడ వెనక రంధ్రంలోంచి బయటికి తీసి వేశారు. అంటే ఓడ తిరగదు. వచ్చిన దిక్కునే నిలబడుతుంది, పక్క ఫిరంగులన్నీ శత్రువు మీదే. మోకుకి ఇంకో తాడు కట్టి, దాన్ని లాగుతూ కోణం మార్చుకోవచ్చు. నాకైతే ఆ రాత్రి అసలు ఆయుధం ఈ తాడే అనిపిస్తుంది.

ముందు వస్తున్న గోలియత్ ఓడలో కెప్టెన్ ఫోలీ. ఫ్రెంచ్ ఓడ లంగరు చుట్టూ తిరగడానికి చోటుందంటే, ఒడ్డు వైపు కూడా లోతు ఉండాలి కదా? కట్టేసిన పడవని చూసి నీళ్లని చదవడం లాంటిదే. ఈ ఆలోచన ఫోలీదా, నెల్సన్‌దా అని ఇప్పటికీ వాదనలున్నాయి. మొత్తానికి అయిదు ఓడలు ఒడ్డు వైపుకి దూరాయి. అటువైపు ఫ్రెంచ్ ఫిరంగులు సిద్ధంగా లేవు. ఫోలీ కూడా గురి తప్పాడు తెలుసా? మొదటి ఓడ పక్కన ఆగబోతే లంగరు పట్టేసరికి రెండోదాని పక్కకి జారిపోయాడు. వెనకొచ్చిన జెలస్ ఆ ఖాళీలో చక్కగా నిలబడింది. రాత్రంతా దాంట్లో పోయింది ఒక్కడే.

బెల్లెరోఫోన్‌కి అంత అదృష్టం లేదు. లంగరు ఆలస్యంగా పట్టి, 74 ఫిరంగుల ఓడ పోయి పోయి 120 ఫిరంగుల ఓరియంట్ పక్కనే ఆగింది. స్తంభాలన్నీ విరిగిపోయాయి, 49 మంది పోయారు. మెజెస్టిక్ చీకట్లో, పొగలో ముందుకెళ్లి ఒక ఫ్రెంచ్ ఓడ తాళ్లలో చిక్కుకుంది. కెప్టెన్ వెస్ట్‌కాట్‌తో కలిపి 50 మంది.

ఫ్రెంచ్ ఓడలు 13లో 2 మాత్రమే తప్పించుకున్నాయి. రాత్రి పది ప్రాంతంలో ఓరియంట్ పేలిపోయింది.

దానికి ముందే బెల్లెరోఫోన్‌వాళ్లు మోకు తెంపుకుని చీకట్లోకి కొట్టుకుపోయారు. అప్పుడే వస్తున్న స్విఫ్ట్‌ష్యూర్‌కి ఆ ఓడ ఎవరిదో తెలియలేదు, కాల్చేదే. కెప్టెన్ హాలోవెల్ కాల్చనివ్వలేదు. లంగరేసి, తెరచాపలు చుట్టేవరకు ఒక్క ఫిరంగి కూడా పేల్చొద్దని ముందే ఆర్డరేశాడు. కేకేసి అడిగితే, మేం బెల్లెరోఫోన్ అని జవాబొచ్చింది. ఆ తర్వాత స్విఫ్ట్‌ష్యూర్ వెళ్లి, అది వదిలిన చోట లంగరేసింది.