కొండసింహాల వివాదం, కాలిఫోర్నియా

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కొండసింహాల (ప్యూమా) వేటపై నిషేధం కొనసాగాలా, వాటి వల్ల జింకల వేట దెబ్బతింటోందా అన్న విషయాలపై దశాబ్దాలుగా సాగుతున్న బహిరంగ చర్చ ఇది. పేరులో సింహం ఉన్నా కొండసింహం పిల్లి కుటుంబంలో వేరే ప్రజాతికి చెందిన జంతువు. శాస్త్రీయ నామం ప్యూమా కాంకలర్.

1907 నుంచి 1963 వరకు రాష్ట్రం ఈ జంతువును చంపినవారికి బహుమతి చెల్లించింది. 1972లో వినోద వేటపై తాత్కాలిక నిషేధం అమల్లోకి వచ్చింది. 1990 జూన్‌లో 117వ ప్రతిపాదనను ఓటర్లు ఆమోదించడంతో కొండసింహం ప్రత్యేక రక్షిత క్షీరదమైంది. ఈ రక్షణను సడలించేందుకు తెచ్చిన 197వ ప్రతిపాదన 1996 మార్చిలో ఓడిపోయింది. పశువులను చంపిన జంతువును అనుమతితో తొలగించే వీలు మాత్రం మిగిలింది. అంతరించే ప్రమాదంలో ఉన్న సియెర్రా నెవాడా కొండగొర్రెల రక్షణకు 1999లో మరో మినహాయింపు ఇచ్చారు.

వివాదానికి మూలం ఆహారమే. కొండసింహానికి ప్రధాన ఆహారం మ్యూల్ జింక. అందుకే జింకలు తగ్గడానికి వేట నిషేధమే కారణమని వేటగాళ్ల వాదన. అయితే జింకల సంఖ్యను మేత, కరువు, చలికాలపు తీవ్రత, ఆవాస నష్టం కూడా నిర్ణయిస్తాయి. ఒక్క వేటాడే జంతువుపై నింద మోపడం కష్టం. జింకల మంద అప్పటికే చిన్నదైన చోట మాత్రం కొండసింహాల ప్రభావం గణనీయంగా ఉండవచ్చు.

ఇలాంటి ప్రశ్నే ఎదురైన మరో రాష్ట్రం కొలరాడోలో, కొండసింహాల వేటను నిషేధించాలన్న 127వ ప్రతిపాదనను ఓటర్లు 2024 నవంబరులో తిరస్కరించారు.